సెలవు దొరకని దర్జీ

నైజరు నది ఒడ్డున మా సెగూ ఊళ్ళో దర్జీ జుమానా కూలిబాలికి ఒక్కటే అలవాటు. పొట్టలో ఏ కాస్త చురుక్కుమన్నా ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ అడిగి వస్తాడు. పోయేముందు ఎవరి మనసులోనూ తన మీద ముల్లు మిగలకూడదు కదా, అందుకని.

కడుపులో కణితి తీసి ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపినప్పటినుంచీ ఇదే వరస. గాయం మానేటప్పుడు కాస్త లాగుతుంది, భయం లేదన్నాడు డాక్టరు. జుమానా నమ్మలేదు. దర్జీ కదా, దిగులంతా కుట్టు గురించే.

"ఆ కుట్టు చూశావా అమ్మాయీ? పండగ హడావిడిలో వేసినట్టుంది. నేనైతే రెండో వరస కూడా వేసేవాణ్ణి" అన్నాడు నాతో.

"గట్టిగా తుమ్మకండి బాబాయ్, అదే ఆగుతుంది."

ఆ తర్వాత చాలా కాలం తుమ్ము వస్తే రెండు చేతులతో ముక్కు మూసుకుని, కళ్ళు తేలేసి కూర్చునేవాడు.

క్షమాపణ అడగాలంటే తప్పు చెప్పాలి. అలా బయటపడింది, మా పేటవాళ్ళ బట్టలు కుట్టగా మిగిలిన గుడ్డలన్నీ ఎక్కడికి పోయాయో. ఇమాముగారి అంగీ ముక్క జుమానా దిండుకి గలీబైంది. నా పెళ్ళి బట్టల్లో మిగిలిన నీలం ముక్క ఆయన పొట్టేలు మెడకి పట్టీ అయింది. అందరూ నవ్వి క్షమించేశారు. చివరికి బండి గాడిదని కూడా అడిగాడు. అది ఒక చెవి ఆడించింది. "ఎంత పెద్ద మనసు!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

క్షమించనిది మా అత్తగారు సితాన్ కీటా ఒక్కతే. కీటా ఇంటిపేరువాళ్ళకీ కూలిబాలీలకీ తాతలనాటి పరాచికాల చుట్టరికం. ఒకరినొకరు బానిస అనుకోవచ్చు, బొబ్బర్లు మెక్కేవాళ్ళని వెక్కిరించుకోవచ్చు, నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు. కోపం తెచ్చుకోకూడదు, అడిగింది కాదనకూడదు.

"సితాన్, ఇవాళ గట్టెక్కేలా లేను. క్షమించు."

"ఛీ, బొబ్బర్ల బస్తా! నువ్వు నా బానిసవి. నా సెలవు లేకుండా చావడానికి నీకెన్ని గుండెలు? సెలవివ్వను. ఫో, పోయి బట్టలు కుట్టుకో!"

నైజరు నది మీద తెల్లవారినట్టు వెలిగేది ఆయన ముఖం. సెలవు దొరకలేదు కనుక ఆ రోజుకి బతికేవాడు.

ఎండలు ముదిరాక అత్తయ్యకి రొమ్ములో గడ్డ తీశారు. మందు ఎక్కించుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఇంటికి వచ్చిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంది. "ఇంక ఆసుపత్రికి రాను" అంది, అంతే. తిండి లేదు, తిట్టు లేదు. నేను జొన్నలు దంచుతుంటే ఆ చప్పుడు ఖాళీ కుండలోంచి వస్తున్నట్టుండేది.

జుమానా మాత్రం రోజూ వచ్చాడు, పొట్ట పట్టుకుని.

"సితాన్! కుట్టు పిగిలిపోతోంది. క్షమించు, వెళ్ళిపోతాను."

అత్తయ్య కదల్లేదు. ఆయన మూలుగు పెంచాడు. పక్కింటి మేక జవాబిచ్చింది.

"ఆ గోల ఆపు, బొబ్బర్ల బస్తా" అంది అత్తయ్య, గోడతోనే.

మర్నాడు ఇటు తిరిగి తిట్టింది. ఆ పైన లేచి కూర్చుని తిట్టింది. తిట్టడానికి ఓపిక కావాలంటూ గంజి అడిగి తాగింది.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున నీళ్ళు తెస్తూ చూశాను. జుమానా బాబాయ్ పెళ్ళికొడుకులా నడిచొస్తున్నాడు, వేడి వేడి బొబ్బర్ల గారెలు నములుతూ. మా వాకిట్లో ఆగాడు. మూతి తుడుచుకున్నాడు. నడుం వంచాడు. పొట్ట పట్టుకున్నాడు.

"నొప్పి మా గుమ్మంలోనే కాపురముంటుందా బాబాయ్?"

"ష్! నొప్పి ఎప్పుడో పోయిందమ్మా. ఆవిడ నోరు మూతపడితే భయం. రేపు నాకు సెలవు లేదనేదెవరు?"

మూలుగుతూ లోపలికి వెళ్ళి కూలబడ్డాడు. "సితాన్, నన్ను ఆసుపత్రికి పొమ్మంటున్నారు. ఒక్కణ్ణే వెళ్ళలేను. నువ్వు తోడు రా."

అత్తయ్య ఆయన పట్టుకున్న పొట్టవైపు చూసింది. కాదనడానికి లేదు, ఆయన కూలిబాలి. తలగుడ్డ అందుకుని బిగించి కట్టుకుంది.

"పద. దిక్కులేని బానిసని దారిలో వదిలేసిందని జనం అంటే నాకు నామర్దా."

గడప దాటుతూ ఆగింది.

"ఏయ్ బొబ్బర్ల బస్తా! ఇన్నాళ్ళూ ఎడమవైపే పట్టుకుని ఏడుస్తున్నావు. నీ కోత కుడివైపు."

జుమానా గబుక్కున చెయ్యి మార్చాడు. మార్చి, మళ్ళీ మూలిగాడు.