పోలేరమ్మ మొదటి జీతం

పోలేరమ్మకు హెవీ లైసెన్సు చేతికొచ్చిన రోజున, ముప్పై వేలకు తక్కువైతే ఏ లారీ ఎక్కొద్దని డ్రైవింగ్ స్కూలాయన ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. ఫీజు కట్టించుకునే ముందు కూడా ఇదే మాట చెప్పాడు. అంతిచ్చే ఓనరు ఎక్కడుంటాడని అడిగితే మాత్రం, "వెతుక్కోవాలమ్మా" అన్నాడు.

పోలేరమ్మది జువ్వలదిన్నె. మొగుడు పడవ మీద కూలికి పోతాడు. వేట లేని రోజులు ఎక్కువైనకొద్దీ ఇల్లు ఆమె ట్రాలీ ఆటో మీదే నడుస్తోంది. హార్బరు నుంచి కావలికి చేపలు, తిరుగు దారిలో ఐసు, ఆరేళ్లుగా ఇదే పని. ముప్పై రెండో ఏట లారీ నేర్చుకుంది.

బోగోలులో మాల్యాద్రికి రొయ్యలు తోలే లారీలు రెండున్నాయి. డ్రైవర్లు దొరకడం లేదని ఏడాదిగా ఆయన టీకొట్టులో కూర్చుని దేశం గురించి బాధపడుతున్నాడు. పోలేరమ్మ వెళ్లి లైసెన్సు చూపించగానే ఆ బాధ కాస్తా తీరిపోయింది.

"అనుభవం ఉండాదా?"

"ఆరేళ్లుగా బండి తోల్తావుండా గదన్నా."

"అది ఆటో. నేనడిగేది లారీ అనుభవం."

"లారీ ఇస్తే గదన్నా అది వచ్చేది."

మాల్యాద్రి వినబడనట్టు టీ ఊదుకున్నాడు. చివరికి తొమ్మిది వేలన్నాడు. బత్తా లేదు, మూడు నెలలయ్యాక చూద్దామన్నాడు. ఆమెతో పాటే లైసెన్సు తీసుకున్న చిన్నబాబును ముందటి వారమే పదిహేను వేల జీతానికి, రోజుకు మూడు వందల బత్తాకు పెట్టుకున్నాడు. ఆ సంగతే అడిగింది.

"వాడు మొగోడమ్మా. సంసారం ఈదాల."

చిన్నబాబుకు పెళ్లే కాలేదు. వాళ్లమ్మ వండిపెడితే తిని, జుట్టుకు రంగు వేయించుకుని తిరుగుతాడు.

"నాకు ముగ్గురు పిల్లోళ్లన్నా!"

"నీకు మొగుడుండాడు గదా. తొందరేముందిలే, ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది? ముప్పై వేలన్నవాణ్ణి, తొమ్మిది వేలన్నవాణ్ణి వంతులవారీగా తిట్టుకుంటూ ఆటోలో ఇంటికొచ్చేసింది.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున రొయ్యల గుంటల దగ్గరకు ఐసు వేసుకుపోయింది. మాల్యాద్రి లారీ నిండు సరుకుతో కట్ట మీద ఆగిపోయి ఉంది. రాత్రి వానకు లారీ ఎదర కట్ట తెగిపోయింది. తిప్పడానికి చోటు లేదు. రెండు ఫర్లాంగులు వెనక్కి రావాలి, రెండు పక్కలా నీళ్లు. చిన్నబాబు దిగి తల పట్టుకుని కూర్చున్నాడు. సరుకు కొన్న జయరామయ్య మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

మాల్యాద్రి పరుగున వచ్చాడు. "పోలేరమ్మా, నువ్వు తియ్యగలవా?"

"తీస్తా. జీతమెంతన్నా?"

"ఇప్పుడా ఆ మాట!"

"మొన్న తొందర లేదన్నావు. ఇప్పుడొచ్చింది గదా."

"పన్నెండు వేలు."

పోలేరమ్మ తన ఐసు దించుకోసాగింది.

"పద్నాలుగు!"

"చిన్నబాబుకెంతో నాకూ అంతే. బత్తాతో సహా."

"ఒప్పుకోవయ్యా! సరుకు వాసనొస్తాది. నేను సాక్షి" అని జయరామయ్య అరిచాడు.

మాల్యాద్రి తలూపాడు. నోటితో చెప్పమంది. చెప్పాడు.

చిన్నబాబును వెనక చక్రం పక్కనే నడవమని చెప్పి స్టీరింగు పట్టుకుంది. ఐసు వేసుకొచ్చి ఇలాంటి కట్టల మీద ఆటోను వెనక్కి తీయడం ఆమెకు అలవాటే. ఒకచోట ఎడమ చక్రం కింద మట్టి జారి లారీ పక్కకు ఒరిగింది. బ్రేకు మీద కాలు బిగించి, పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుని, మళ్లీ మెల్లగా కదిలించింది. రోడ్డెక్కేసరికి ముప్పావు గంట పట్టింది. దిగి నీళ్లు తాగి, మిగిలిన ఐసు దించుకోడానికి పోయింది.

మరుసటి రోజే పనిలో చేరింది. మాల్యాద్రి అన్న మాట ప్రకారం జీతం ఇస్తున్నాడు, కాకపోతే ఇచ్చిన ప్రతిసారీ పన్ను పీకించుకుంటున్నట్టు ముఖం పెడతాడు. ఆడవాళ్లకు అవకాశమివ్వాలని తనకు చిన్నప్పటి నుంచీ ఉండేదని టీకొట్టులో చెప్పుకుంటున్నాడు. అది విని కావలిలో ఏదో సంఘంవాళ్లు ఆయనకు శాలువా కప్పుతామన్నారు.

"నువ్వు కూడా స్టేజీ మీదికి రావాల" అన్నాడు మాల్యాద్రి.

"ఆ పొద్దుకు బత్తా ఉండాదా అన్నా?"

"సన్మానానికి బత్తా ఏందమ్మా!"

సన్మానం నాడు పోలేరమ్మ నెల్లూరుకు రొయ్యల లోడు తోలింది. స్టేజీ మీద మాల్యాద్రి ఒక్కడే, చెమటకు తడిసిన శాలువాతో, మహిళాభ్యుదయం గురించి అరగంట మాట్లాడాడు.