సువార్తమ్మకు ఆదరణ ప్రార్థన

నేను పరిశోధన వెలగబెట్టే రోజుల్లో నాకు మనుషుల కంటే చుక్కలతోనే పరిచయం ఎక్కువ. హైదరాబాదులో ఒక చీకటి గదిలో, లేజరు వెలుగు బయటికి పోకుండా నల్లగుడ్డలు కట్టుకుని, తెర మీద మెరిసే చుక్కల్ని చూడటమే నా చదువు. ఒక్కో చుక్క ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువు. మన ఒంట్లో కణాలకు కబుర్లు మోసే సన్నని దారం లాంటిది అది. తనంతట తానే మడతపడి ఒక రూపానికి వస్తుంది. అదెలాగో చూడటానికి ఒక కొసకు పచ్చగా వెలిగే రంగు, రెండో కొసకు ఎర్రగా వెలిగే రంగు తగిలిస్తాం. కొసలు ఎడంగా ఉంటే చుక్క పచ్చగా, దగ్గరికొస్తే ఎర్రగా కనిపిస్తుంది. గుంపును చూస్తే ఒక్కొక్కరి సంగతి తెలియదని మా గైడుగారి సిద్ధాంతం. అందుకని ఒక్కొక్కదాన్నే చూసేదాన్ని. (నన్ను చూసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.) నా అణువులకు మడత పడినట్టే పడి నిలిచేది కాదు. ఒకరోజు "ఏమే, ఇవాళైనా కుదురుగా ఉంటావా?" అని ఒక చుక్కను పైకే అడిగి, జవాబు కోసం ఆగాను కూడా. ఆగినందుకు నాకే భయమేసింది. గైడుగారికి సెలవని చెప్పి, లాప్‌టాపూ బట్టలూ సర్దుకుని రాజోలు దగ్గర మా ఊరికి బస్సెక్కేశాను. ఇక వెనక్కి వెళ్లకూడదని నిశ్చయించుకున్నాను. అమ్మకి చెప్పడమే తరువాయి.

చెప్పే వీలేదీ? నేను చేరిన మధ్యాహ్నమే మా ఇంట్లో చర్చి స్త్రీల ప్రార్థన కూటం. చాపల మీద అందరూ కూర్చుని తలా ఒక మనవి చెప్పాలి, ఎవరి కోసమో పేరు చెప్పాలి. ఒకరి మోకాళ్లు, ఒకరి అల్లుడి వీసా అయ్యాక మా అమ్మ వంతొచ్చింది. "మా అమ్మాయి అణువుకి మడత నిలవట్లేదంటండీ. మీరంతా ప్రార్థన చెయ్యాలండీ" అంది. నాకు చాప కింద దూరిపోవాలనిపించింది. కానీ ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు నా వైపు తిరిగి, "దాని పేరేంటమ్మా?" అని అడిగారు.

"పేర్లుండవండీ. బోలెడుంటాయి."

"పేరు లేకుండా ఎలా తల్లీ? మోకాలి నొప్పైనా ఎవరి మోకాలో చెప్పాలి కదా. ఏదీ, చూపించు."

కిటికీలు మూసి, కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి, నేను తీసిన వీడియో ఒకటి వేశాను. మధ్యలో మినుకుమినుకుమంటున్న చుక్కను ఎంచుకుని, అందరూ కలిసి సువార్తమ్మ అని పేరు పెట్టేశారు. "ఆయ్, ఎర్రగా అయ్యిందండీ! దగ్గరికొచ్చేసింది!" "అయ్యో, మళ్లీ పచ్చబడిందండీ!" అని ఒకటే గోల. నా చుక్కను నాతో కలిసి ఇంకొకరు చూడటం అదే మొదటిసారి. ఇంతలో సువార్తమ్మ ఠక్కున ఆరిపోయింది.

"ఏమైందమ్మా?"

"వెలుగు ఎక్కువసేపు తగిలితే ఆ రంగు మాడిపోతుందండీ. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు అంతే."

పాస్టరమ్మగారు కొంగు తల మీద కప్పుకుని, పోయినవారి ఇళ్లలో చేసే ఆదరణ ప్రార్థన మొదలుపెట్టారు. పక్కింటావిడ ముక్కు చీదింది. (ఆవిడ ఎవరి ఆదరణ కూటానికైనా ముందు వరసే.) నాలోని శాస్త్రవేత్త ఊరుకోలేదు. "చచ్చిపోలేదండీ! అది అక్కడే ఉంది. మనకి కనపడట్లేదు, అంతే!"

పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి, "మేము చెప్పేదీ అదే కదమ్మా" అని, మళ్లీ కన్ను మూసుకుని ప్రార్థన పూర్తిచేశారు. నవ్వో ఏడుపో తెలియనిదేదో నన్ను వంటింట్లోకి తరిమింది. చదువు మానేస్తానన్న మాట ఆ పూట అమ్మతో అనలేకపోయాను. ఆ మర్నాడూ అనలేదు. సెలవు అయిపోయి మళ్లీ చీకటి గదిలో తేలాను, అంతే దిగులుగా.

వారం తిరక్కుండా దొడ్డమ్మ ఫోను. అమ్మకి అక్క. కువైట్‌లో ఎవరింట్లోనో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి. ఆ రోజు కూటంలో గోడకానుకుని కూర్చుని వీడియో చూసింది.

"ఎలా ఉందే?"

"బాగానే ఉన్నాను దొడ్డమ్మా."

"నువ్వు కాదే. సువార్తమ్మ పక్కన, ఓరగా ఇంకోటుంది చూడు. మేమంతా సువార్తమ్మనే చూస్తా దానికి పేరన్నా పెట్టలేదు. సువార్తమ్మ ఆరిపోయేక అదొక్కత్తే మిగిలిపోయింది. అన్నం తింటంటే గుర్తొచ్చింది. ఎలా ఉందది?"

వీడియో తెరిచి చూశాను. ఎన్నిసార్లు చూసినా నా కంట పడని చుక్క, నిజంగానే ఓరగా ఉంది. కాసేపు ఎర్రగా వెలిగి, అదీ ఆరిపోయింది.

"ఎర్రగా ఉంది దొడ్డమ్మా" అన్నాను.

"దానికీ ఏదో పేరు పెట్టవే. ఒక్కత్తే ఉండేదాన్ని పేరు పెట్టి పిలిచే మనిషుండాలి. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ నన్నెవ్వరూ పేరు పెట్టి పిలవలేదే."

ఆ చుక్కకు దొడ్డమ్మ పేరే పెట్టాను. చదువు మానలేదు. ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. హాజరు నంబర్లతో పిలిస్తే చాలంటారు ప్రిన్సిపాలుగారు. నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తలెత్తి చూసేదాకా ఆగుతాను. మేడమ్‌కి చాదస్తం ముదిరిందని వెనక బెంచీలో నవ్వుకుంటారు. వాళ్లతో పాటు నేనూ నవ్వి, తర్వాతి పేరు పిలుస్తాను.