ధనమ్మ సొంత ఓటు

మొయినాబాద్ దగ్గరి నర్సింహ పటేలు కొట్టంలో ధనమ్మ ఇరవై ఏళ్లు పేడ తీసింది. అన్నేళ్లూ ఆమె ఓటు కూడా పటేలుదే. పోలింగు నాడు పొద్దున్నే వాడలోని చర్చి ముందుకు ఆయన బండి వచ్చేది. ఆడవాళ్లు ఎక్కిపోయి ఆయన పార్టీ గుర్తు జోడెడ్ల బొమ్మ మీద ముద్ర వేసి, తిరిగొచ్చి ఆయన వాకిట్లో అన్నం తినేవాళ్లు. ఊరి ఓట్ల డబ్బా విడిగా లెక్కపెట్టగానే ఎన్ని ఓట్లు పక్కకు పోయాయో ఆయనకు తెలిసిపోయేది. అరవై ఏడులో తొమ్మిది తగ్గాయని ఆ యేడు వాడలో ఒక్కరినీ కోతలకు పిలవలేదు.

అరవై తొమ్మిదిలో ఆమె కొడుకు భిక్షపతి పదో తరగతి. ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులో నడిచాడని పోలీసులు లాఠీతో మోకాలు పగలగొట్టారు. పిల్లల పేర్లు పోలీసులకు రాసిచ్చింది పటేలేనని వాడంతా ఎరుగును. అయినా ధనమ్మ మర్నాడు పేడ తీయడానికి పోయింది, ఇంట్లో ఇంకా నలుగురు తినాలి కనుక. పోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

డెబ్బై ఒకటిలో ఉద్యమం వాళ్లు సొంత పార్టీ పెట్టి నిలబడ్డారు. బడిలో సైన్సు చెప్పే దయానందం సారు చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఈసారి అన్ని ఊళ్ల ఓటు కాగితాలూ కలిపేసి లెక్కపెడతారని, ఎవరు ఎటు వేసిందీ పటేలుకు తెలిసే దారి లేదని చెప్పాడు. ధనమ్మ రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది.

పోలింగు నాడు లోపల కాగితం మీద జోడెడ్లు లేవు. పార్టీ చీలి గుర్తు మారాక పటేలు కొత్తగా నేర్పిన ఆవూ దూడా ఉన్నాయి. ఆమె వాటిని కాసేపు చూసి, ఉద్యమం వాళ్ల గుర్తు మీద ముద్ర గుద్దింది. ఆ మధ్యాహ్నం కడుపునొప్పి అని చెప్పి, పటేలు అన్నం ముట్టకుండా ఇంటికొచ్చింది.

కొత్త పార్టీ గెలిచింది. కొడుకు కాలు సంగతి ఇక ఎవరో ఒకరు అడుగుతారని ధనమ్మ నమ్మింది. గెలిచినాయన ఊరికొచ్చిన రోజు జీపులో ఆయన పక్కన దండ వేసుకుని కూర్చున్నది నర్సింహ పటేలే. ఏడాది తిరక్కముందే ఆ పార్టీ పోయి పటేలు పాత పార్టీలోనే కలిసింది. పటేలు జీపు దిగాల్సిన పని కూడా పడలేదు.

పార్టీలు కలిసిన మర్నాడు కొట్టంలో ఆయన నవ్వుతూ అడిగాడు.

"గప్పుడు ఎటేసినవే ధనమ్మా? జర నిజం జెప్పు. ఇప్పుడు నేనేమన్న అంటనా?"

"ఎటేస్తే ఏంది పటేలా, నీకే వచ్చింది."

"మరి? అందరు మనోళ్లే. రేపు మీటింగున్నది, భిక్షపతిని పంపు. ముందట గూసుంటడు. కుంటోన్ని జూస్తే జనం జాలిపడ్తరు."

ధనమ్మ పేడ తట్ట కింద పెట్టింది.

"వాన్ని కుంటోన్ని జేసిందెవరో గా మీటింగుల జెప్తవా?"

పటేలు నవ్వు ఆగిపోయింది. గేదెలకు దాణా తక్కువైందని పాలేరు మీద విరుచుకుపడ్డాడు.

ధనమ్మ తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. సగం కొట్టంలో పేడ అట్లాగే ఉంది. కొండకల్ వైపు రైలు పట్టాల పనికి ఆడవాళ్లను తీసుకుంటున్నారని విన్నది. గడప దాటి ఉమ్మేసి, ఆ దారి పట్టింది.