గులాబి ఆకు మీద మిల్లు దూది

నా డైరీలన్నీ ట్రంకుపెట్టెలో వరుసగా ఉన్నాయి. ఏ రోజు వాన పడిందో, ఏ రోజు గడ్డం గీసుకున్నానో కూడా చూసి చెప్పగలను. అయితే ఇంత రాసినవాడికి ఎదురుగా ఉన్నది కనబడుతుందన్న నమ్మకమేమీ లేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల నాటి డైరీ ఒకటి అందుకు సాక్ష్యం.

అప్పుడు నేను ఆదోనిలో బడి అయ్యవారిని. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు వెనక వీధిలో అద్దెకు ఉండేవాళ్ళం. మొదటి కాన్పుకు ఎమ్మిగనూరు పోతూ మా ఆవిడ నాకు ఒకే ఒక్క పని అప్పగించింది. పెరట్లో మట్టి తొట్టిలో ఉన్న నాటు గులాబిని చూసుకోవడం. తనను పెంచిన అవ్వ పెరటి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ అది. అవ్వ పోయింది. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు అక్కడి చెట్టూ పోయింది. మిగిలింది ఇదొక్కటే.

"బిడ్డను నేను సూసుకుంటా. దీన్ని మీరు సూసుకోండి" అంది బండి ఎక్కుతూ.

"అదేం పెద్ద పని!" అన్నాను. ఆ సాయంత్రమే డైరీలో గులాబికి వేరుగా ఒక గడి గీసి, ఆకులు, మొగ్గలు, నీళ్ళు అని మూడు వరుసలు పెట్టాను.

చలికాలం మొదలయ్యాక ఆకుల మీద తెల్లటి పొడి కనిపించింది. నేను ఏమాత్రం తడబడలేదు. మిల్లులో పత్తి ఆడే రోజులు. మా వీధిలో ఆరేసిన పంచెల మీద, పాల గిన్నె మీద, నా మీసాల మీద అంతటా దూది నూగు వాలేది. డైరీలో "ఆకుల మీద మిల్లు దూది" అని రాసుకున్నాను. తొట్టిని దూదికి దూరంగా, స్నానాల గదికీ గోడకూ మధ్య ఎండ సోకని మూలకు జరిపాను. పైన తడి గోనెపట్టా కప్పాను. రోజూ సాయంత్రం తీసి లెక్క రాసేవాణ్ణి. ఆకులు నలభై ఒకటి, తెల్లనివి పన్నెండు. వారం తిరిగేసరికి తెల్లనివి ఇరవై ఆరు. దూది ఎక్కువైందనుకుని ఇంకో పట్టా కప్పాను.

ఎమ్మిగనూరు నుంచి ప్రతి జాబులోనూ చివర ఒకే ప్రశ్న: చెట్టు ఎట్లుంది? "క్షేమం" అని రాసేవాణ్ణి. ఆడపిల్ల పుట్టిందన్న జాబులోనూ అదే ప్రశ్న ఉండేసరికి నాకు భయం పట్టుకుంది. మిల్లు మీద ఒక అర్జీ రాసి, తెల్ల ఆకు ఒకటి దానికి గుచ్చి, తీసుకుపోయి అక్కడి మేస్త్రీ చేతికిచ్చాను. గోనెగండ్ల వైపు రైతు కుటుంబం మనిషి. అర్జీ చదవకుండా ఆకునే చూశాడు. నవ్వుతూ నా వెంట ఇంటికి వచ్చాడు.

"ఏమయ్యవారూ, మా దూది పక్కింటి తులసి మీద యాంటికి వాలలేదు? మీ గులాబి అంటేనే ఇష్టమా? ఊదండి, సూద్దాం."

ఊదాను. ఏమీ కదల్లేదు.

"ఇంకా గట్టిగా! బడిలో అరిసే గాలంతా యాడ పోయింది?"

మళ్ళీ ఊదాను. మేస్త్రీ వేలితో ఆకును రుద్ది చూపించాడు. "దూది గాదప్పా, బూడిద రోగం. గాలాడని సోట పెరుగుతాది. మీరు దీన్ని మూలన పెట్టి, తడిపట్టా కప్పి, బిడ్డను సాకినట్ల సాకినారు."

వైద్యం కూడా చెప్పాడు. తొట్టిని ఎండకూ గాలికీ పెట్టాలి. తెల్లబడిన ఆకులు తుంచి కాల్చాలి. జొన్న విత్తనాలకు పట్టించే గంధకం పొడిని పలుచని గుడ్డలో మూటగట్టి, పొద్దున్నే మంచు ఉండగా ఆకుల మీద దులపాలి. అన్నీ అంకెలు వేసి రాసుకున్నాను. "పొద్దున్నే" అన్న మాట మాత్రం రాయలేదు.

బడికి సెలవని ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. శివరాత్రి దాటిన ఎండ. ఒక మందు కన్నా రెండు మేలన్న సొంత తెలివితో ముందు వేపనూనె పూసి, దాని మీద గంధకం దట్టంగా దులిపాను. మూడోనాటికి ఆకులన్నీ మాడి అప్పడాలయ్యాయి.

"రోగం కన్నా మీ వైద్యం గట్టిది" అన్నాడు మేస్త్రీ. పచ్చి తగిలేదాకా కొమ్మలు కోసెయ్యమన్నాడు. కోశాను. రెండు పుల్లలు మిగిలాయి. ఆ రోజు జాబులో "చెట్టు క్షేమం. కొంచెం చిన్నదయింది" అని రాశాను.

ఉగాది దాటాక మా ఆవిడ బిడ్డతో వచ్చింది. చెంబు నీళ్ళు కూడా తాగకుండా నేరుగా పెరట్లోకి పోయింది. పుల్లల ముందు అట్లే నిలబడిపోయింది. డైరీ తెచ్చి చేతికిచ్చాను. బిడ్డను నా చేతుల్లో పెట్టి, మెట్టు మీద కూర్చుని మొత్తం చదివింది.

"ఆకులు లెక్కబెట్టినారు, బాగుంది. ఒక్కనాడన్నా ఏలితో తుడిసి సూసినారా?"

డైరీ మూసి, లేచి తొట్టి దగ్గరికి పోయింది. ఆమె గోటితో ఒక పుల్లను గీరింది. లోపల పచ్చగా ఉంది. రెండోది కూడా గీరి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మా అవ్వ ఉండింటే ఈ కట్టెల్లో ఒకటి పెరికి మీ ఈపున నాటుండేది" అంది.

ఆ డైరీలో గులాబి గడి ఆ మర్నాటి నుంచి ఆమె చేతిరాతలో ఉంది. మొదటి రోజు రాసింది ఇదే: "రెండు పుల్లలూ పచ్చివే. అయ్యవారిని తొట్టి దగ్గరికి రానీలేదు."