మొదటి గంటకు బిళ్ళ

పెద్దత్తయ్య పోయిన పొద్దున మా చర్చి గంట మోగలేదు.

నేను వంటింటి గడపలో కూర్చుని ఉన్నాను. పక్కన గ్లాసుతో నీళ్ళు, అరచేతిలో బిళ్ళ. రోజూ మొదటి గంట వినగానే బిళ్ళ వేసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఎంతసేపటికీ గంట వినపడలేదు. తూర్పు తెల్లబడింది. మా అత్తగారు లేచి వచ్చి, "అక్క ఇంకా గంట కొట్టలేదేంటే?" అంది. ఆ మాట అంటుండగానే ఆమె ముఖం మారిపోయింది. మా ఆయన చర్చి వైపు పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు నడిచి వచ్చాడు. ఆ నడక చూసి మాకు తెలిసిపోయింది.

నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. రాత్రి పడుకునే ముందు మర్నాటి బిళ్ళను నీళ్ళ చెంబు మూత మీద పెట్టుకోవడం ఆమె పద్ధతి. మేము వెళ్ళేసరికి ఆ బిళ్ళ మూత మీద అలాగే ఉంది.

ఆమె మా అత్తగారికి సొంత అక్క. పిల్లలు లేరు. భర్త పోయాక చర్చి పక్కనున్న గదిలో ఉంటూ, చర్చి ఊడ్చి, గంట కొట్టేది. పొద్దున రెండుసార్లు గంట. మొదటిది ఊరు లేవడానికి, ముప్పావుగంట తర్వాత రెండోది ప్రార్థనకు రావడానికి. పగలు మా అందరితోపాటు పత్తికీ మిరపకాయకీ కూలికి వచ్చేది. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని స్త్రీల సమాజం వారు నన్ను అడిగారు. నేను ఏడో తరగతి దాకానే చదివాను. నలుగురిలో లేచి నిలబడాలంటే నాకు ఇప్పటికీ భయం. రాసేటప్పుడు ఎవరూ నా ముఖం చూడరు గనుక రాస్తున్నాను.

పెళ్ళయిన రెండో ఏడు నాకేదో అయింది. ఎంత పడుకున్నా నిద్ర తీరేది కాదు. ముఖం ఉబ్బింది. తల దువ్వుకుంటే జుట్టు గుత్తులుగా ఊడివచ్చేది. మిరప కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ అందరూ చెమటలు కక్కుతుంటే, నేను పమిట భుజాల చుట్టూ కప్పుకుని వణికేదాన్ని. ఒకసారి నెల తప్పి, మూడో నెలలో పోయింది. ఊళ్ళో నన్ను బద్ధకస్తురాలన్నారు. "ఏమ్మా కొత్తకోడలా, మిరపకాయలు నీకు జోల పాడుతున్నాయా?" అని ఒకావిడ అంటే కల్లమంతా నవ్వింది. మా అత్తగారు మంచిదే, కానీ ఆమెకూ ఓపిక అయిపోయింది. కొన్నాళ్ళు పుట్టింటికి పంపుదామని మా ఆయనతో అనడం విన్నాను. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో ఎవరికి తెలుసు?

పెద్దత్తయ్య ఒకరోజు నన్ను కల్లం గట్టు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. సంతలో గేదెను చూసినట్టు చూసింది.

"ఇది బద్ధకం కాదే చెల్లీ. మెడ జబ్బు" అంది.

"నీ మెడకైతే వాపుండేది. దీని మెడకేముంది?" అంది మా అత్తగారు.

"వాపు లేకుండా కూడా వస్తుందంట. నా మెడ కోశాక బిళ్ళ మొదలుపెట్టేదాకా నేనూ ఇట్టాగే దున్నపోతులా పడుకున్నా. మర్చిపోయావా?"

పెద్దత్తయ్య మెడకు అడ్డంగా ఒక పాత కోత గీత ఉండేది. ఎప్పుడో ఉసిరికాయంత వాపు వస్తే గుంటూరులో కోసి తీశారు. దాంతోపాటు ఒంటికి చురుకునిచ్చే గ్రంథి కూడా చాలావరకు పోయిందట. అప్పటినుంచి దాని పని బిళ్ళతో జరిపించుకునేది. ఆ గీతను ఆమె ఎప్పుడూ పమిటతో కప్పుకోలేదు.

తన కూలి మానుకుని నన్ను ఎర్రబస్సులో గుంటూరు తీసుకువెళ్ళింది. అక్కడ డాక్టరమ్మగారు నన్ను కుర్చీలో మోకాళ్ళ మీద నిలబెట్టి, మడమ పైన నరం మీద చిన్న సుత్తితో తట్టింది. పాదం కదిలింది గానీ వెనక్కి రావడానికి తొందరపడలేదు. "చూశావా, నీ కాలు కూడా నిద్రపోతోంది" అని నవ్వింది. తర్వాత నెత్తురు తీయాలంది. సూది చూసి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"సూది వైపు చూడకు. నా మెడ చూడు. కుట్లు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు" అంది పెద్దత్తయ్య.

పదకొండు లెక్కపెట్టేసరికి అయిపోయింది.

ఆ నెత్తురు మద్రాసు వెళ్ళాలి. రెండు వారాలకు పోస్టులో కాగితం వచ్చింది. అంతా ఇంగ్లీషు. పెద్దత్తయ్యకు ఇంగ్లీషు కాదు కదా, తెలుగు కూడా కూడబలుక్కుని చదవడమే వచ్చు. కానీ అందులో ఏ అంకె చూడాలో డాక్టరమ్మగారిని ముమ్మారు అడిగి నేర్చుకుంది. వేలు పెట్టి నాకు చూపించింది. "ఇది తక్కెడ అనుకో. ఈ అంకె పైకి లేచిందంటే నువ్వు కిందకి దిగినట్టు. ఇది దిగితే నువ్వు లేచినట్టు. మందు మార్చినప్పుడల్లా రెణ్ణెల్లకి చూపించుకోవాలి. మనిషిని అడిగితే బాగానే ఉన్నానంటాడు. నెత్తురు అట్టా అనదు."

ఆ కాగితం చూసి డాక్టరమ్మగారు నాకూ అదే బిళ్ళ రాసింది. వేసుకోవడం పెద్దత్తయ్యే నేర్పింది. "మొదటి గంటకి బిళ్ళ, ఉత్త నీళ్ళతో. రెండో గంట దాకా కాఫీ వద్దు, చద్దన్నం వద్దు. నోట్లో ఏదీ పడకూడదు." బిళ్ళలు దాచడానికి నీళ్ళకుండ పక్కన ఇసుకలో ఒక చిన్న మూతముంత పాతించింది. "కాయకి ఎండ కావాలి, బిళ్ళకి నీడ కావాలి" అనేది. తాను మాత్రం గంట స్తంభం దగ్గరే బిళ్ళ వేసుకుని, చెంబెత్తి రెండు గుక్కలు తాగి, అప్పుడు తాడు అందుకునేది. గంట మోగిందంటే ఆమె బిళ్ళ లోపల పడ్డట్టే.

మూడు నెలలకు నేను మనిషినయ్యాను. ముఖం వాపు తీసింది. పత్తి ఏరడానికి వెళితే నా వరస నేను పూర్తిచేసి పక్కవాళ్ళ వరసలో సాయం పట్టాను. అందరికంటే మా అత్తగారే సంతోషించింది. నా కోసం ఆమె మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇక్కడే తప్పు జరిగింది. ఆ తప్పు ఎవరు చేశారని ఇప్పటికీ చెప్పలేను.

కోతపండుగ కూడికలో మా సంఘంలో సాక్ష్యాలు చెబుతారు. మొదటి మిరపకాయలు, మొదటి పత్తి తెచ్చి బల్ల ముందు పెట్టి, ఆ ఏడు తమకు జరిగిన మేలు చెప్పుకుంటారు. మా అత్తగారు నన్ను మోచేత్తో పొడిచి లేపింది. నేను లేచాను. కళ్ళు చాప మీద పెట్టి, "దేవుడు నన్ను బాగుచేశాడు" అన్నాను. అంతే, కూర్చున్నాను. ఆడవాళ్ళంతా స్తోత్రం అన్నారు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంది. పెద్దత్తయ్య అప్పుడు బయట వంట దగ్గర ఉంది.

మర్నాడు నేను ముంత మూత తీస్తుంటే మా అత్తగారు చూసింది. "బాగయ్యాక ఇంకా బిళ్ళేంటే? నలుగురిలో చెప్పొచ్చి మళ్ళీ మందు మింగితే చెప్పింది అబద్ధం అయిపోదూ?" అంది. ఆమె కోపంగా అనలేదు, భయంగా అంది. నాకూ ఆ భయమే పట్టుకుంది. నా బతుకులో నలుగురి ముందు చెప్పిన ఒకే ఒక్క మాట అది. దాన్ని రోజూ పొద్దున్నే మింగేయడం ఎలాగ? మూత పెట్టేశాను.

పెద్దత్తయ్యకు చెప్పలేదు. రోజూ గంట మోగేది. నేను దుప్పటి తల మీదుగా కప్పుకునేదాన్ని.

మొదట్లో ఏమీ కాలేదు. అదే మోసం. నెల దాటాక మెల్లగా మళ్ళీ చలి, మళ్ళీ నిద్ర. ఈలోగా నెల తప్పింది. రెండోదీ తప్పింది. చెబితే పోతుందేమోనని మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకనాటి మధ్యాహ్నం కల్లంలో కాయలు ఏరుతూ ఏరుతూ ఆ రాశి మీదే ఒరిగిపోయాను. కళ్ళు తెరిచేసరికి పెద్దత్తయ్య నా ముఖానికి నీళ్ళు చల్లుతోంది.

"ఏమ్మాయ్, బిళ్ళ వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా." నా గొంతు బొంగురుగా వచ్చింది.

ఆమె నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, ఇసుకలోంచి ముంత తీసి నేల మీద బోర్లించింది. బిళ్ళల అట్టలు నిండుగా పడ్డాయి.

"ఎప్పట్నుంచి?"

"సాక్ష్యం చెప్పిన కాడ్నుంచి."

"అయ్యో పిచ్చిమొహమా" అని నవ్వబోయింది. నా చెయ్యి కడుపు మీద ఉండడం చూసి ఆగింది. "ఎన్నో నెల?"

"మూడు పడింది."

ఆమె నవ్వు పోయింది. పోయినసారి పోయింది మూడో నెలలోనే. కల్లంలో కాయ ఆరబోసి ఉంది, పైన మబ్బు పట్టి ఉంది. అవేవీ చూడలేదు. ఆ సాయంత్రం బస్సుకే గుంటూరు. డాక్టరమ్మగారు నన్ను గట్టిగా కోప్పడింది. మొదటి నెలల్లో బిడ్డకు కావలసిన ఆ చురుకు కూడా తల్లి నెత్తురులోంచే వెళ్ళాలట, తల్లికే లేకపోతే బిడ్డకెక్కడిది అంది. నెత్తురు తీయించి, కాగితం వచ్చేదాకా ఆగక్కర్లేదని బిళ్ళ అక్కడే నోట్లో వేయించింది. రాను రాను మోతాదు పెంచాలి, నెలనెలా నెత్తురు చూడాలి అంది. బిడ్డ నిలుస్తుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పెద్దత్తయ్యే అడిగింది. "ఇప్పుడే చెప్పలేను" అంది డాక్టరమ్మగారు.

ఇంటికి వచ్చాక అక్కాచెల్లెళ్ళ మాటలు నేను తలుపు చాటు నుంచి విన్నాను.

"నలుగురిలో చెప్పిన మాటక్కా..." అంది మా అత్తగారు, ఏడుస్తూ.

"మాట తప్పు కాదే. దేవుడే బాగుచేశాడు. దేంతో చేశాడో ఈ పిల్ల చెప్పలేదు, అంతే. ఆదివారం నేను చెప్తాలే."

ఆ ఆదివారం పెద్దత్తయ్య లేచి నిలబడింది. "మా చెల్లెలి కోడలు మొన్న సగం సాక్ష్యం చెప్పి కూర్చుంది. సిగ్గెక్కువ. మిగతా సగం నేను చెప్తున్నా" అంది. గడ్డం కొంచెం పైకెత్తి గీత చూపించింది. "పద్నాలుగేళ్ళ కిందట ఇక్కడ కోసి తీశారు. మళ్ళీ మొలిపించమని నేనూ ప్రార్థన చేశా. మొలవలేదు. దాని బదులు దేవుడు నాకు ఇది ఇచ్చాడు" అని కొంగు ముడి విప్పి బిళ్ళల అట్ట పైకెత్తింది. "ఇది వేసుకునే రోజూ గంట కొడుతున్నా. మానేస్తే మీరెవరూ ప్రార్థనకి లేవరు."

వెనక నుంచి ఒక ముసలాయన, "అయితే బిళ్ళకి కూడా స్తోత్రం చెప్పమంటావా ఏందమ్మాయ్?" అన్నాడు.

"వాన పడితే చెప్తావుగా బావా. బిళ్ళకి చెబితే నోరు పోతుందా?"

చర్చి అంతా నవ్వింది. మా అత్తగారు నవ్వలేదు. తల వంచుకుని, మెల్లగా అందరికంటే ముందు స్తోత్రం అంది.

పెద్దత్తయ్యలో అన్నీ మంచే అని చెప్పను. నోరు దురుసు. పాటలో ఎప్పుడూ శ్రుతి కలవదు. ఇంకొకరిని ఆసుపత్రికి లాక్కెళ్ళే మనిషి, కిందటి చలికాలం తనకు ఆయాసం వస్తోందంటే మాత్రం, "నాదేముందిలే, పాత బండి. కాయ అమ్ముడుపోయాక చూద్దాం" అంది. నేను గట్టిగా అడిగి ఉండాల్సింది. నాకు గట్టిగా అడగడం రాదు. ఆ లోటు నాకు ఉండిపోయింది.

మూడో నెల దాటింది. నాలుగు దాటింది. నెలనెలా కాగితం వచ్చేది, నెలనెలా ఆమె వేలు పెట్టి చూసేది. అంకె దిగుతూ వచ్చింది. నిండు నెలలకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు రెండేళ్ళు. ఇల్లంతా పరుగులే, ఒక్క నిమిషం నిలవదు. ఆ పరుగు చూసి పెద్దత్తయ్య, "దీని కాలు నిద్రపోవడంలేదు" అని డాక్టరమ్మగారి మాట చెప్పుకుని నవ్వేది. మా అత్తగారు ఇప్పుడు పొద్దున్నే, "బిళ్ళ పడిందా?" అని అడగందే నాకు కాఫీ పోయదు.

సమాధి అయిన సాయంత్రం, గంట ఎవరు కొడతారని సంఘపెద్దలు మాట్లాడుకున్నారు. ఎవరినైనా చూద్దాం, వారం ఆగుదాం అన్నారు.

మర్నాడు మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ముంతలోంచి బిళ్ళ తీసుకుని చర్చికి వెళ్ళాను. ఆమె గది గడప పక్కన చెంబు అలాగే ఉంది. కడిగి, నీళ్ళు పట్టి, బిళ్ళ వేసుకున్నాను. తాడు అందుకుంటే ముడి నా నడుము దగ్గర తగిలింది. పెద్దత్తయ్య పొట్టి మనిషి, తన చేతికి అందేలా వేసుకున్న ముడి అది. చేతి రాపిడికి నున్నగా, నల్లగా అయింది. వంగి పట్టుకుని లాగాను. మొదటి దెబ్బ సరిగా పడలేదు. రెండోది పడింది. ఎదురింట్లో దీపం వెలిగింది.

అప్పటినుంచి నేనే కొడుతున్నాను. ముడి విప్పి నీ ఎత్తుకు వేసుకోరాదా, నడుము నొప్పి రాదూ అంటాడు మా ఆయన. పత్తిలో, కల్లంలో రోజంతా వంగే పని నాకు కొత్త కాదు. ఆ ముడి అక్కడే ఉంచాను.