హ్యోదో ఇసావో కొట్టిన ప్రారంభ బంతి

హ్యోదో ఇసావో జీవితంలో మొదటి హిట్ కొట్టింది అరవై ఒకటో ఏట. అరవై దాటినవాళ్ల బేస్‌బాల్ జట్టులో చేరి, పదిహేడుసార్లు బిక్కమొహంతో వెనక్కి వచ్చి, పద్దెనిమిదోసారి బంతిని రెండో బేసు మీదుగా దాటించాడు. మా యావతహామా కొండల మీద కమలాతోటలు వేసినవాళ్లలో ఆ ఘనత ఇంకెవరికీ లేదు. ఐదేళ్లలో జట్టులో అందరికన్నా ముందు బ్యాటు పట్టే మొదటి బ్యాటరయ్యాడు. ఇప్పటికి నలభై మూడు హిట్లు. ఒక మోకాలిచిప్ప చిట్లింది, దాన్నీ లెక్కలో వెయ్యాలి.

ఇదంతా బడిలోనే జరగాల్సింది. బడి జట్టులో మూడేళ్లున్నా షినోహారా మాస్టారు ఒక్క మ్యాచిలోనూ బ్యాటు ఇవ్వలేదు, బంతులు ఏరించాడు. ఆఖరి వేసవిలో ఇసావో తండ్రి తోటపని మానుకుని చూడ్డానికి వస్తే, మాస్టారు అందరి ఎదుటా "వీడి చేతులు కమలాలు కొయ్యడానికే పనికొస్తాయి" అన్నాడు. తండ్రి తలవంచుకుని నవ్వాడు. ఆ నవ్వు ఇసావో గొంతులో నలభై తొమ్మిదేళ్లుగా ముల్లులా ఉండిపోయింది.

సెప్టెంబరు పద్నాలుగున మాత్సుయామా దగ్గర మ్యాచి. ఎనభై అయిదేళ్ల షినోహారా మాస్టారే ప్రారంభ బంతి వేస్తాడనీ, ఎదుట నిలబడేది అతిథి జట్టు మొదటి బ్యాటరనీ, అంటే ఇసావోయేననీ కబురొచ్చింది. ప్రారంభ బంతికి బ్యాటు ఊరికే గాలిలో ఊపి, బంతిని వదిలెయ్యాలి. పెద్దవాళ్లకు ఇచ్చే మర్యాద అది. చిన్నపిల్లలు కూడా తప్పరు.

కెప్టెన్ కికుచి తన చేపల వ్యానులో అందర్నీ ఎక్కించుకుంటానన్నాడు. ఇసావో మాత్రం రైల్లో ఒంటరిగా, ఊళ్లు చూసుకుంటూ వస్తానన్నాడు.

"ఈ వయసులో ఊళ్లు చూడాలని బుద్ధి పుట్టిందా?" అంది భార్య హిసాయే. "ఏం చెయ్యబోతున్నారో నిజం చెప్పండి."

"బంతి వేస్తే బ్యాటు ఊపుతాను."

"ఊపి?"

"ఊపుతానన్నాను గదే!"

వ్యానులో కికుచి హాస్యాలకు నవ్వితే తన కోపం పలచబడుతుందని ఇసావో భయం.

ఎనిమిదింటి పాసింజరు ఎక్కి దారిలో ఓజు ఊళ్లో దిగాడు. బ్యాటు సంచితో కోట మెట్లన్నీ ఎక్కి, బాణాలు వేసే కంతలోంచి నదివైపు చూశాడు.

"గాలి బావుంది కదండీ?" అన్నాడు కాపలా ముసలాయన.

"ఇక్కణ్ణించి బాణమేస్తే కింద మనిషి పడతాడా?"

"ఏ మనిషండీ?"

"ఎవడో ఒకడు."

తర్వాతి రైలుకు ఉచికో ఊరు చేరాడు. అక్కడి పాత నాటకశాలలో వేదిక కిందికి దిగాడు. దయ్యం వేషగాడు ఒక్కసారిగా పైకి లేచే గొయ్యి ఉందక్కడ. దాన్లో నిలబడి, నడుం నిటారు చేసి, చాలాసేపు కదల్లేదు. బయటికొచ్చి వేడి చేపవడ తిన్నాడు. రుచి తెలియలేదు.

రెండు గంటలకు మాత్సుయామా మైదానంలో మాస్టారు చేతికర్ర పక్కన పెట్టించి బంతి అందుకున్నాడు.

"ఒరే హ్యోదో, కమలాలు పండాయా?"

"పండాయి మాస్టారూ. మీకోసమే వచ్చాను."

బంతి మెల్లగా వచ్చింది, కానీ తిన్నగా వచ్చింది. ఇసావో ఒళ్లంతా కూడదీసుకుని బాదాడు. బంతి మాస్టారి టోపీ పక్కనుంచి రయ్యిమని పోయి దూరంగా గడ్డిలో పడింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఎవరూ బంతి కోసం కదల్లేదు. ఇసావో కుంటుకుంటూ మొదటి బేసు దాకా పరుగెత్తి దాని మీద రెండు కాళ్లూ వేసి నిలబడ్డాడు.

"వంగి క్షమాపణ చెప్పరా, మతి పోయిందా!" కికుచి అరిచాడు.

ఇసావో వంగలేదు.

మాస్టారు మెల్లగా వెనక్కి తిరిగి, బంతి ఆగిన చోటు చూశాడు. "భుజం తొందరపడింది. నీకది అప్పుడూ ఉంది."

"అప్పుడు చూశారా? నేను బ్యాటు ఊపడం ఒక్కసారైనా చూశారా?"

మాస్టారు చేతికర్ర కోసం చెయ్యి చాచాడు. అది అందుకుని దాని మీద వాలాడు.

"చూళ్లేదురా," అన్నాడు.

ఇసావోకు కావాల్సింది ఆ మాటే. వినగానే కోపం తగ్గలేదు. ఇంకో బంతి వేస్తే బావుణ్ణనిపించింది.

ఆ సాయంత్రమే జట్టు కూర్చుంది. నాలుగు వారాలు ఆటకు దూరం, మాస్టారికి క్షమాపణ ఉత్తరం అని తేల్చారు.

"ఉత్తరం రాయను," అన్నాడు ఇసావో. "బదులుగా ఇంకో రెండు వారాలు వేసుకో."

"నీ మొండితనం పాడుగాను!" అంటూనే కికుచి నాలుగును ఆరుగా దిద్దాడు. హ్యోదో ఇసావో మళ్లీ మైదానంలో దిగేది అక్టోబరు ఇరవై ఆరున.