వెంట్రుకల కాళ్ళ పీత

పెళ్ళయిన కూతురికి నేలలో వాటా రాదని సియుబీకి చిన్నప్పుడే తెలుసు. తైవాన్ దక్షిణపు కొసన, సముద్రం పక్కనే ఉన్న నాన్న మొగలితోపు మొత్తం తమ్ముడు బున్‌చాయ్‌కి పోయింది. ఆమె అదే ఊళ్ళో ఉల్లిచేలకు కూలికి వెళ్ళేది. మంచం పట్టిన తల్లి తమ్ముడి దగ్గరుండేది. పనయ్యాక సియుబీ వెళ్ళి, గంజి తాగించి వచ్చేది.

తోపు కొంటామని హోటల్‌వాళ్ళు వచ్చిన ఏడాదే పీతల పరిశీలనకు అధికారులు దిగారు. నేలపీతల్లో కాళ్ళనిండా వెంట్రుకలుండే రకం ఎక్కడెక్కడుందో పటం గీస్తున్నారు. అది ఉన్నచోట ఇటుక పెట్టనివ్వరు. గుడి ముందు ఊరివాళ్ళను కూర్చోబెట్టి అడిగారు.

"మా తోపులో అవి లేవండీ. ఉన్నవన్నీ నున్నకాళ్ళవే. ప్రతి కాలవలోనూ దొరుకుతాయి," అన్నాడు బున్‌చాయ్.

సియుబీ లేచింది. పీతల మీద ప్రేమతో మాత్రం కాదు.

"అదేంట్రా, మర్చిపోయావా? చిన్నప్పుడు ఆ తోపులోనే పీత వెంట్రుకలు చూసి 'తాత కాళ్ళు, తాత కాళ్ళు' అని ఏడ్చి లాగు తడుపుకున్నావుగా! ఎత్తుకొచ్చింది నేనేగా!"

అందరూ పగలబడి నవ్వారు. ఆమే ఎక్కువ నవ్వింది.

మర్నాడు ఆమె చూపించిన బొరియలోంచి తీసిన పీతను అధికారి వెల్లకిలా తిప్పి చూసి, "అదే ఇది," అన్నాడు. బేరం ఆగిపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"బేరం పోతే పోయిందక్కా. ఊళ్ళో పిల్లకాయలు కూడా నన్ను 'తాత కాళ్ళు' అంటున్నారు. ఇక ఈ గడప తొక్కకు."

"అమ్మకి గంజి..."

"మా ఆవిడ పోస్తుందిలే. నువ్వెళ్ళి పీతలకి పొయ్యి."

కొండగాలి హోరెత్తే చలికాలంలో తల్లి పోయింది. ఆఖరి చూపు అందని కూతురు వీధి మలుపు నుంచి పాకుతూ, ఏడుస్తూ ఇంటికి రావాలన్నది అక్కడి ఆచారం. సియుబీ అలాగే వచ్చింది. మోకాళ్ళు దోక్కుపోయాయి. లోపల వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి గాని తలుపు తెరుచుకోలేదు. చివరికి ఇరుగుపొరుగువాళ్ళ మధ్య నిలబడి శవపేటిక వెళ్ళడం చూసింది.

ఆ తర్వాత బున్‌చాయ్ ఉల్లి వేస్తానంటూ తోపుకు నిప్పుపెట్టాడు. కట్టడాలు వద్దన్నారు గాని సాగు వద్దనలేదు. వానలకు అధికారి మళ్ళీ వచ్చి వెతికాడు. మసి పట్టిన బొరియలే ఉన్నాయి. పటంలోంచి ఆ చోటు కొట్టేశాడు. ఇక హోటల్‌కు అడ్డేముంది?

వెళ్తూ వెళ్తూ అతను ఉల్లిచేలో ఆగాడు.

"పిన్నిగారూ, ఆ రకం ఇంకెక్కడైనా చూశారా?"

వాగు అవతలి గుట్ట కింద ఉన్నాయని సియుబీకి తెలుసు. ఆ నేల ఎవరిదో, వాళ్ళింట్లో ఎవరెవరున్నారో కూడా తెలుసు.

"లేదు బాబూ," అని ఉల్లిమడి మీదికి వంగింది.